అలిహీస్ కొండ మీద పిట్టకు పెట్టిన అన్నం

మా ఆయన పోయిన ఏడాదికి మేము కారు కట్టుకుని పడమటి కొండలకు వెళ్ళాం. నేను, నా కూతురు, అల్లుడు, మనవరాలు. అడిగిన వాళ్ళకు ఊళ్ళు చూసి రావడానికని చెప్పాం. నిజానికి పిట్టకు పెట్టడానికి వెళ్ళాం.

పిట్టకు పెట్టడమంటే తెలియని వాళ్ళు ఉంటారు, చెబుతాను. మా వైపు మనిషి పోయిన మూడో రోజున, ఆ మనిషి ఏది ఇష్టంగా తినేవాడో అది వండి, కాల్చిన చోటికి తీసుకుపోయి, విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు, నీ పిల్లలను చూసుకుంటాం, నీ ఇల్లు నిలబెడతాం అని. కాకి ముట్టేదాకా ఎవరూ ఇంటికి పోరు.

మా ఆయనకు అది జరగలేదు. ఆయన డబ్లిన్‌లో పోయాడు. మా కూతురు బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరు, అల్లుడికి లీక్స్‌లిప్‌లో ఉద్యోగం. నాలుగు నెలలు ఉండి పోదామని వచ్చాం. చలికాలంలో ఒక పొద్దున నేను చాయ్ తీసుకుపోయి లేపితే లేవలేదు. ఏళ్ళ తరబడి బొగ్గుబాయిలో దిగి పైకి వచ్చిన మనిషి ఆయన. ఒకసారి బాయి పైకప్పు కూలి వీపు మీద అయిన గాయంలో బొగ్గు పొడి దిగిపోయి, చివరిదాకా నీలంగా గీతలు ఉండిపోయాయి. అయినా బాయిలో ప్రాణం పోలేదు. మెత్తటి పరుపు మీద, నా పక్కనే, నాకు ఒక్క మాట చెప్పకుండా పోయాడు.

ఇక్కడ మనిషి పోతే వెంటనే కాల్చరు. వంతు రావాలి. వారం దాటాక వంతు వచ్చింది. అక్కడంతా కత్తిరించిన గడ్డి, పూలు, నల్లకోట్లు వేసుకున్న మనుషులు. మర్యాదగానే చూశారు. కానీ ఆ గడ్డి మీద అన్నం, కోడికూర పెట్టి నిలబడతామంటే ఎవరితో చెప్పుకుంటాం. ఇంటికి వచ్చి వెనక పెరట్లో పెట్టాం. కాకి రాకముందే తెల్లటి సముద్రపు పక్షులు గుంపుగా దిగాయి. కొట్టుకున్నాయి, అరుచుకున్నాయి, అన్నం కూర అంతా చిమ్మి చివరికి కాగితం ప్లేటు కూడా ఎత్తుకుపోయాయి. మా ఆడబిడ్డ అదంతా ఫోనులో చూస్తోంది.

"గవేం పిట్టలే? బాతుల లెక్కున్నయి," అంది.

"సముద్రం పిట్టలు వదినె."

"సముద్రం పిట్టలు ముడితే లెక్కకు రాదు. కాకి ముట్టాలె. నా తమ్ముని పాణం ఆ దేశంలనే తిరుగుతది, సూడు."

ఆమె చెడ్డది కాదు. ఏడుస్తూ అన్న మాట అది. అస్థికలు అల్లుడు తీసుకుపోయి గోదావరిలో కలిపి వచ్చాడు. అయినా ఆ మాట నాలో దిగబడిపోయింది. కిటికీ కొట్టుకుంటే ఆయనే అనుకునేదాన్ని. డబ్లిన్‌లో గాలి లేని రోజు ఉండదు, ఇక నా సంగతి చూసుకోండి. ఇంటికి పోతావా అమ్మా అని కూతురు అడిగినప్పుడల్లా ఇప్పుడే వద్దనేదాన్ని. ఆయనను ఇక్కడ తిరగనిచ్చి నేను విమానం ఎక్కి ఎట్లా పోతాను.

ఏడాది దగ్గర పడుతుంటే కూతురే అంది. "అమ్మా, బాపు ఆ బాయి ఫోటో సూసి పోదామన్నడు గద. ఆడికే పోయి పెడదాం. ఆడ కాకులు మస్తుంటయి."

ఆ ఫోటో సంగతి నిజమే. ఆయన ఉన్నప్పుడు ఒకరోజు కూతురు ఫోనులో కొండ మీద ఒక రాతి కట్టడం కనిపించింది, పక్కన పొగగొట్టం, కింద సముద్రం. అలిహీస్ అనే ఊరు, ఒకప్పుడు రాగి తవ్వారట. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"ఇగ జూడే, ఇది బాయి ఇల్లే. మిషిన్ పెట్టి మనుషులను దింపిన ఇల్లు. ఈడ గూడ మనసొంటోళ్ళే ఉన్నరు."

"ఉంటే ఏంది, సుట్టాలా?" అన్నాను నేను.

"సుట్టాలే," అన్నాడు. "లోపల నీళ్ళొస్తే ఎట్ల తోడిండ్రో అడగాలె."

అలా బయలుదేరాం. దారంతా పచ్చదనం, వాన, మళ్ళీ ఎండ, మళ్ళీ వాన. కిల్లార్నీలో పార్కు చూపించారు. పార్కంటే ఉయ్యాలలు ఉంటాయనుకున్నాను, అది కొండలకు కొండలే. చెరువులు అద్దాల్లా ఉన్నాయి. కొమ్ముల జింకలు పొగమంచులో నిలబడి మా వైపు చూశాయి. మనవరాలు నన్ను పట్టుకుని, "లుక్ అమ్మమ్మా, లుక్," అంటోంది. చూస్తూనే ఉన్నాను. కానీ ఏదీ కళ్ళకు అంటలేదు. అందమైనది ఏది కనిపించినా నా కుడి చెయ్యి పక్కకు పోయేది, ఆయన్ను తట్టి చూపించడానికి. పక్కన మనవరాలి కారు సీటు ఉండేది.

తర్వాత కొండ మీద మెలికల దారి. గొర్రెలు దారి మధ్యలో పడుకుని ఉన్నాయి, వీపుల మీద ఎర్ర రంగు, నీలం రంగు గుర్తులు. హారను కొట్టినా లేవవు. అల్లుడు దిగి బతిమాలాల్సి వచ్చింది.

ఊరి దగ్గర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తెల్లవారి లేచి వంటకు దిగాను. కోడికూర, ఆయనకు ఇష్టమైన కారం పాళ్ళలో. కార్జం ముక్కలు వేరుగా వేయించాను. కారం, అల్లం, ధనియాల పొడి అన్నీ డబ్లిన్ నుంచే తెచ్చుకున్నా, ఉప్పు మరిచిపోయాను.

"ప్రెస్‌ల ఉందమ్మా," అంది కూతురు. ఇక్కడ అలమరను అట్లా అంటారు. నేను ప్రెస్ తెరిచేలోపు పోపు పొగకు ఇంటి పైకప్పున ఉన్న గంట కూయడం మొదలుపెట్టింది. అల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతున్నాడు.

"అత్తమ్మా, మామ పేరు మీద ఈడ ఫైరింజను వస్తది."

"రానీ బిడ్డా. వాళ్ళకూ ఇంత పెడదాం."

కూతురు నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. ఏడాది నుంచి అది ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. డ్యూటీకి పోవడం, రావడం, నా మందులు చూడటం. అంతే.

కొండ ఎక్కేసరికి ఎండ వచ్చింది. ఆ రాతి కట్టడం ఫోటోలో కన్నా చాలా పెద్దది. లోపలికి పోకుండా చుట్టూ కంచె, లోతు బాయిల దగ్గర జాగ్రత్త అని బోర్డులు. రాళ్ళ మీద ఆకుపచ్చగా చారలు ఉన్నాయి, రాగి చిలుము అట. ఆయన ఉంటే ఆ కంచె దగ్గరే ఉండిపోయేవాడు. ఎంత లోతు, ఏ వైపు దారి, గాలి ఎట్లా వచ్చేది, అన్నీ రాయిని తట్టి తట్టి చెప్పేవాడు. ఆయన చెప్పేది వినీ వినీ విసుగు వచ్చేది నాకు. ఇప్పుడు రాయి ఉంది, చెప్పేవాడు లేడు.

కంచెకు దూరంగా చదునుగా ఉన్న బండ చూసి అన్నం పెట్టాం. అన్నం, కూర, కార్జం, చిన్న గ్లాసులో ఇక్కడి విస్కీ. దండం పెట్టి దూరం జరిగాం.

ముందు వచ్చింది కాకి కాదు, గొర్రె. తిన్నగా బండ దగ్గరకు నడిచి మూతి పెట్టబోయింది. కిందనుంచి గొర్రెల ఆసామి ఒకాయన, ముసలాయన, ఈల వేశాడు. కుక్క పరిగెత్తుకొచ్చి గొర్రెను మళ్ళించింది.

"మామకు గొర్రె కూరంటే పాణం," అన్నాడు అల్లుడు. "గొర్రెకు గూడ మామ కూరంటే పాణమున్నట్టుంది."

ఆసామి పైకి వచ్చి ఇదంతా ఏమిటని అడిగాడు. కూతురు ఇంగ్లీషులో చెప్పింది, మా నాన్న కూడా గని మనిషే అని. ఆసామి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కుక్కను పిలుచుకుని, గొర్రెలన్నిటినీ అవతలి వైపుకు తోలుకుపోయాడు.

ఇక కాకి కోసం చూస్తున్నాం. కట్టడం గోడ మీద ఒకటి వాలింది. ఇక్కడి కాకులకు ఒళ్ళు బూడిద రంగు, తల, రెక్కలు నలుపు.

"ఇది కాకేనా అత్తమ్మా? బనీను తొడిగినట్టున్నది."

"అరుపు ఇను. కాకే."

అది గోడ మీదే కూర్చుంది, దిగలేదు. పద్ధతి ప్రకారం మాట ఇవ్వడం మొదలుపెట్టాం. ముందు అల్లుడు బండ దగ్గరకు నడిచాడు. "మామా, అత్తమ్మను మేం సూసుకుంటం. నువ్వు రంది వెట్టుకోకు." కాకి కదల్లేదు. మనవరాలు ముందుకు పోయి, "తాతా, ఐ విల్ స్పీక్ తెలుగు. ఎవ్రీ డే," అంది. కాకి మెడ తిప్పింది, అంతే. తర్వాత కూతురు ముందుకు నడిచింది. "బాపూ, ఆ రాత్రి నేను పక్క గదిలనే ఉంటిని," అంది. అది మాట ఇవ్వడం కాదు. కానీ అదే అంది, తిరిగి వచ్చి నా పక్కన నిలబడింది.

ఇక నేనే మిగిలాను. బండ దగ్గరకు పోయాను. ఏం మాట ఇవ్వాలో తెలియలేదు. నన్ను చూసుకోవడం, పిల్ల తెలుగు, అన్నీ వాళ్ళే చెప్పేశారు. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఉత్తగా నిలబడ్డాను. అప్పుడు కాకి దిగింది.

నాకు రెండు మూరల దూరంలో వాలింది. గెంతుతూ బండ ఎక్కింది. ప్లేటు అంచు మీద కాలు పెట్టింది. కార్జం ముక్క వైపు ముక్కు చాచింది. ఏడాదంతా నేను ఎదురుచూసింది అదే కదా. అది ముట్టబోయే క్షణంలో నా నోట్లోంచి "హుష్" అని వచ్చింది. చెయ్యి దానంతట అదే లేచింది. కాకి ఎగిరిపోయి మళ్ళీ గోడ మీద కూర్చుంది.

గాలి ఒక్కటే ఉంది.

"అమ్మా," అంది కూతురు దగ్గరకు వచ్చి. "ఎందుకు ఎల్లగొట్టినవే?"

నేను ఆ బండ పక్కనే కూలబడ్డాను. "అది ముడితే పోతడు బిడ్డా," అన్నాను. "ఇప్పుడైతే ఏడనో తిరుగుతుండు. కిటికీ కొట్టుకుంటే ఆయనే అనుకుంటున్న. అది ముడితే ఇగ ఆయన ఏడా ఉండడు."

ఆయనకు ఏ కోరికా మిగల్లేదు. ఏదో మిగిలిందని ఏడాదంతా ఆయన మీద పెట్టాను. మిగిలింది నాకు. ఆయన ఎప్పుడో పోయాడు. నేనే పట్టుకుని కూర్చున్నాను.

కూతురు నా పక్కన ఆ తడి గడ్డిలో కూర్చుని, నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను చెబుతుంటే తను ఇది రాసేటప్పుడు, ఆ ముక్క తీసేద్దాం అమ్మా అంది, నేను వద్దన్నాను. నాకు చదువు రాదు, చెప్పడమే నా పని. ఏడాది పాటు దాచుకున్నది అంతా అక్కడ ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ కాకిని చూస్తున్నాను. కాకి మమ్మల్ని చూస్తోంది.

మబ్బు పట్టింది. అల్లుడు పిల్లను తీసుకుని కిందికి నడిచాడు. కూతురు ముఖం తుడుచుకుని మెల్లగా అంది.

"అమ్మా, నువ్వు ఈడ కూసున్నంత సేపు అది రాదు."

"తెలుసు."

"లేస్తవా?"

"ఇంకింత సేపు."

కూతురు సరే అని కూర్చుంది. తొందరపెట్టలేదు. కూరలో నూనె తేలి గడ్డకట్టడం మొదలైంది. ఆయన చల్లారిన కూర తినేవాడు కాదు. ఎంత రాత్రి షిఫ్టు దిగి వచ్చినా వేడి చేసి పెట్టాల్సిందే. ఆ మాట గుర్తుకు వచ్చి లేచాను. మోకాళ్ళు పట్టుకుపోయాయి, కూతురు చెయ్యి ఇచ్చింది. ప్లేటును ఇంకొంచెం గాలి తగలని వైపుకు జరిపి, ఒలికిన మెతుకులు చేత్తో దగ్గరికి తీసి, వెనుదిరిగాను.

కొండ దిగుతూ వెనక్కి చూడలేదు. చూడకూడదని పద్ధతి. కూతురు కూడా చూడలేదు. ముట్టిందా లేదా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఫోను చేసినప్పుడు ఆడబిడ్డకు మాత్రం ముట్టిందనే చెప్పాను.

అద్దె ఇంటికి చేరాక స్నానం చేయాలి, అదీ పద్ధతే. కూతురు వేడినీళ్ళ కుళాయి తిప్పి, సబ్బు, తువ్వాలు పెట్టి తలుపు దగ్గరికి వేసింది. మెతుకులు తీసిన నా కుడి చేతి వేళ్ళకు కూర వాసన అట్లాగే ఉంది, అల్లం, కారం, ఆయన కార్జం ముక్క. నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. బయట నుంచి కూతురు, అయిందా అమ్మా అని రెండు సార్లు అడిగింది. అవుతోంది బిడ్డా అన్నాను. ఒళ్ళంతా తడుపుకున్నాను గానీ, ఆ కుడి చెయ్యి నీళ్ళకు అందకుండా పైకి ఎత్తుకుని చాలాసేపు నిలబడ్డాను.