గౌరవధనం

చిక్కబళ్ళాపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో కొత్తగా చేరే ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పించడం నా పని. రెండువేల అయిదు, ఆరు ప్రాంతం. చేరిన రోజు ఆఫీసు గుమాస్తా ఒక కన్నడ కాగితం ముందు పెట్టుకొని, "సంబళం పట్టీలో రాయల్నా, గౌరవధనం పట్టీలో రాయల్నా అమ్మా? దుడ్డు రెండింట్లోనూ ఒగటే" అని అడిగాడు. సంబళమంటే జీతం, అది పనివాళ్ళది, గౌరవధనం పాఠం చెప్పేవాళ్ళదని నాకు నేనే అర్థం చెప్పుకొని, రెండోదే రాయించుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంటికి పోయే చింతామణి బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మాట అమ్మకు ఎప్పుడు చెబుదామా అని ఒకటే ఆత్రం.

నెలకు మూడువేలు. నేను నేర్పిన పిల్లలు కొన్నాళ్ళకే మిషన్ల మీదికి వెళ్ళి, ఓవర్‌టైముతో నాకంటే ఎక్కువ తెచ్చుకునేవాళ్ళు. ఉడుక్కునేదాన్ని, అబద్ధమెందుకు. కానీ "మిస్సూ" అంటూ అందరూ లేచి నిలబడితే అదంతా మరిచిపోయేదాన్ని.

రెండో ఏడు అమ్మకు గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమన్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే నా ఏడాది రాబడంత అవుతుందన్నారు. ఆ వారమే, గూళూరు నుంచి వచ్చే నా పాత శిష్యురాలు, వాళ్ళమ్మకు ఫ్యాక్టరీ పనివాళ్ళకిచ్చే ఇ.ఎస్.ఐ. కార్డు మీద పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్ అయిందని చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రే అమ్మకు చెప్పి, మర్నాడు నేరుగా ఆఫీసుకు పోయాను.

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు.

"మీకు కార్డు యాడుంటాదమ్మా? అది సంబళం వాళ్ళకే. మీది గౌరవధనం కదా."

"ఇప్పుడు మార్చండి సార్."

"ఆ పొద్దు మీరే చెప్తిరి కదమ్మా. ఇంగ మార్చేది నా చేతుల్లో లేదు."

"అట్లయితే నన్ను టైలరుగా తీసుకోండి. నేను నేర్పించే పనే కదా, కూర్చొని కుడతాను."

ఆయన నవ్వలేదు. "ముప్పై అయిదు దాటినోళ్ళని తీసుకోవద్దని రూలుండాది. మీకు నలభై."

ఒళ్ళు మండింది. ఎవరిమీద అరవాలో తెలియలేదు. ఆయన తప్పేముంది? ఆ మాట నా నోటితో నేనే చెప్పాను. బాత్రూములోకి పోయి ముఖం కడుక్కొని, మధ్యాహ్నం బ్యాచికి పాఠం చెప్పాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ పొత్తికడుపు పట్టుకొని గోడకు ఆనుకొని ఉంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"ఆఫీసులో ఏమన్నారే?"

"నాకు కార్డు రాదంటమ్మా."

"పోనీలే. ఈ మధ్య నాకు నొప్పే లేదు. పాఠం చెప్పేదానివి, నా కోసరం వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కోవాకు" అంది అమ్మ.

నొప్పి లేదన్నది అబద్ధమని నాకు తెలుసు.

"సరేమ్మా" అన్నాను.