ఆసుపత్రిలో పరాయి మాట

స్పెయిన్‌లో మతరాన్య నది వైపు ఊళ్ళలో ఇంట్లోనూ పొలంలోనూ మాట్లాడేది కటలాన్. పట్నం పోతే మాత్రం స్పానిష్. అక్కడ నోరు జారి ఇంటి మాట వస్తే నవ్వుతారని ప్రుడెన్సియాకు చిన్నప్పుడే తెలిసింది. బడిలో ఒకసారి అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె బడి గడప తొక్కలేదు.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో ఆమె భర్త బ్లాయ్‌కి గుండె నొప్పి వచ్చింది. పట్నం ఆసుపత్రిలో చేర్చారు. పక్క మంచం మీది ముసలాయనకు కూతురు తోడుంది. ఆ కూతురు మంచి కోటు వేసుకుని, నర్సులతో గడగడా స్పానిష్ మాట్లాడుతుంటే ప్రుడెన్సియా ముడుచుకుపోయింది. మొగుడికి నీళ్ళు పట్టినా, దుప్పటి కప్పినా ఆ పరాయి మాటలోనే పలకరించేది. అతనేమో ఇంటి మాటే, అదీ పొలంలో కేకేసినట్టు. ఆమె కళ్ళతోనే మెల్లగా అనమని బతిమాలేది.

ఒక సాయంత్రం అతను కళ్ళు తెరిచి, "ఏమే, వాగు పక్క చెట్లు దులిపారా?" అన్నాడు.

నర్సు అక్కడే నిలబడి ఉంది. ఆ చెట్ల మీద ఇంకా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. "తమరు ఆందోళన చెందవద్దు. ఆ పని పూర్తి అయినది" అంది ప్రుడెన్సియా స్పానిష్‌లో.

అతను ఆమె వంక చూశాడు. "ఎవరితోనే మాట్లాడుతున్నావు, దొరసానీ?" అని నవ్వబోయాడు. దగ్గొచ్చి గోడవైపు తిరిగాడు. నర్సు వెళ్ళాక ఇంటి మాటలో నిజం చెబుదామనుకుంది ఆమె. అతను మళ్ళీ ఇటు తిరగలేదు. తెల్లవారేసరికి పోయాడు.

కోటు మనిషి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో అక్కా, ఒక్కదానివీ ఇంటికెట్లా పోతావు?"

అచ్చం ఇంటి మాట. వాళ్ళదీ నది అవతలి ఊరేనట. బ్లాయ్ మాట విన్నా ప్రుడెన్సియా మాత్రం పట్నపు మనిషేమోనని జంకి, తానూ తండ్రితో అన్నాళ్ళూ స్పానిష్ మాట్లాడానని చెబుతూ తల దించుకుంది. ప్రుడెన్సియా మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఖననం అయ్యాక ఇరుగుపొరుగు వచ్చి వాగు పక్క చెట్లు దులిపారు. కాయలు రాలడానికి చెట్టు కింద వల పరుస్తూ పక్కింటి కితేరియా నెమ్మదిగా అడిగింది. "చివరికేమన్నాడొదినా?"

"ఈ చెట్ల గురించే అడిగాడు."

"మరి నువ్వేం చెప్పావు?"

ప్రుడెన్సియా వలలో రాలిన ఆకులు ఏరసాగింది. దుఃఖంలో ఉందిలెమ్మని కితేరియా ఊరుకుంది. దుఃఖమొక్కటే అయితే ప్రుడెన్సియా చెప్పుకుని ఏడ్చేది; ఇది సిగ్గు.