కోసిన ముక్క

పోర్టు నుంచి ఎగిరొచ్చి మా డాబా మీద పేరుకునే బొగ్గు పొడి గురించి కాలుష్య మండలికి పంపాలని మా ఆయన ఓ అర్జీ రాసుకున్నారు. ఫొటోలన్నీ వర్డ్ ఫైల్లో అతికించి, ఫోన్ నిండిపోయిందని అసలువి తీసేశారు. ఫైలు పెన్ డ్రైవ్‌లో ఒక్కటే ఉంది. అది పంపకముందే ఆయన పోయారు. పంపే పని నాకు మిగిలింది.

అందులో ఒక ఫొటో నేను తీసిందే. పిట్టగోడ మీద వేలితో గీత గీసి, "చూడు, కాటుక పెట్టుకోవచ్చు" అని నవ్వుతున్నారు. ఆయన ఆఖరి ఫొటో అదే. నవ్వే మనిషిని చూస్తే మా బాధ ఎవరు నమ్ముతారని, క్రాప్ చేసి గోడనీ వేలినీ మాత్రం ఉంచాను. అయినా ఆయన ఎక్కడికీ పోలేదు. క్రాప్ నొక్కి అంచు లాగితే మళ్ళీ కనబడేవారు. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ లాగి చూసి, మళ్ళీ మూసేదాన్ని.

అర్జీలకి మండలి ఇచ్చిన గడువు ఆఖరి రోజున వాళ్ళ సైట్‌లోకి ఫైలు ఎక్కలేదు. పెన్ డ్రైవ్ పట్టుకుని కంచరపాలెంలో నెట్ సెంటర్‌కి పరుగెత్తాను. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన యజమాని పెదవి విరిచాడు.

"ఏటమ్మా ఇది, ఇరవై ఎంబీ! ఆళ్ళు ఐదుకి మించి తీసుకోరు."

"మా ఇంటి మీద దుమ్మెంతున్నా పర్లేదు గానీ, వాళ్ళకి ఫైలు మాత్రం తేలిగ్గా ఉండాలా?"

"నన్నంటే ఏటొస్తాదమ్మా? ఫొటోలు సిన్నవి సేసెత్తాను. కోసీసిన ముక్కలు లోపలే ఉన్నాయి, తీసీమంటారా? మళ్ళీ రావు మరి."

అప్పటికే వెనక నిలబడ్డావిడతో వరుస గురించి తగువులో ఉన్నాను. తల కూడా తిప్పలేదు.

"ప్రతిదీ నన్నడుగుతావేంటి బాబూ? పని వచ్చినవాడివి నువ్వు కదా, కానీ!"

"సెప్తన్నాను గదమ్మా..." అని గొణుగుతూ నొక్కేశాడు. అదే ఫైలు మీద సేవ్ చేశాడు. అర్జీ వెళ్ళిపోయింది. తగువులోనూ నేనే గెలిచాను.

మర్నాడు కాఫీ పెట్టుకుని అంచు లాగాను. తెల్లటి ఖాళీ వచ్చింది. ఇంకా లాగాను. ఇంకాస్త ఖాళీ.

షాపు తీసే వేళకే మెట్ల మీద ఉన్నాను. అతను నా మొహం చూసి కళ్ళజోడు తీశాడు.

"రాదమ్మా. నిన్న అడిగినాను గదా."

పెన్ డ్రైవ్ కొంగున ముడేసుకుని మెట్లు దిగాను.

ఇప్పుడు గోడ ఉంది, నల్లటి గీత ఉంది, దాని చివర వేలుంది. దగ్గరికి తెచ్చి చూస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. గోరు ఎక్కడుందో పోల్చుకోలేను. అర్జీకి మాత్రం అది చాలు.