టేకు బల్లకి తలంటు

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. మొన్న ఆదివారం మా ఇంట్లో టేకు బల్లకి జుట్టు మొలిచింది. నిజమండీ బాబూ! తెల్లగా, ఒత్తుగా, ముసలాయన గడ్డంలాగా. మొలిపించింది ఎవరో కాదు, నేనే. అదుగో, నవ్వుతున్నారు. మాటంటే లెక్కలేదు మీకు.

ఆ బల్ల మా ఆవిడ సుజాతది. వాళ్ల అమ్మమ్మగారు పోయాక ఇంట్లో సామాను పంచుకుంటుంటే ఎవరేం అడిగారో నాకు తెలీదు గానీ, మా ఆవిడ మాత్రం ఆ బల్ల ఒక్కటి చాలంది. చిన్నప్పుడు సెలవలకి వెళ్తే అమ్మమ్మ పక్కన దాని మీదే పడుకునేదట. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, వాళ్ల పిన్ని భారతిగారికి కూడా అదే బల్ల కావాలి. ఆవిడది మార్టూరు. వాళ్లింట్లో మెట్లు గ్రానైటు, అరుగు గ్రానైటు, వాకిట్లో కూర్చునే దిమ్మ కూడా గ్రానైటే. "ఎండాకాలం కాలుద్ది, చలికాలం జిల్లుమంటది. ఈ వయసులో నాకో చెక్కబల్ల ఉండద్దంటే సుజాతా?" అని ఆవిడ బాధ. ఆఖరికి ఆవిడే తగ్గింది. "సరే, తీసుకుపోవే. సరిగ్గా చూసుకోకపోతే మాత్రం ట్రాక్టరేసుకొచ్చి పట్టుకుపోతా" అంది.

తీసుకొచ్చాం. లోపల చోటు చేసి పెడదామంది సుజాత. రేపు పెడదామన్నాను నేను. ఆ రేపు రెండు వానాకాలాలు పట్టింది! ఆరుబయట ఎండకి ఎండి, వానకి తడిసి, బల్ల బూడిద రంగుకి తిరిగింది. పైన పీచు లేచింది. ఒక కోడుకి నాచు కూడా పట్టింది. టేకు కదా, ఏమవుద్దిలే అని నా ధీమా.

పోయిన వారం పిన్నిగారి ఫోను. "ఏమే, బల్లెట్టా ఉంది?"

"బాగుంది పిన్నీ" అంది సుజాత, గొంతు కాస్త సన్నగా పెట్టి.

"బాగుందా? మీ ఎదురింటోళ్ల గృహప్రవేశం ఫొటోల్లో వెనకాల కనపడిందే. పాత పాకలో వాసంలా ఉంది. ఆదివారం సాయంత్రం వస్తున్నా. ట్రాక్టరు మాట్లాడుకునే వస్తున్నా."

ఫోను పెట్టేశాక మా ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. వెళ్లి ఆ బల్ల మీద కూర్చుని కళ్లొత్తుకుంది. నాకు నిజంగా సిగ్గేసింది. "ఏడవకు, ఆదివారానికి కొత్తదానిలా చేసి చూపిస్తా" అన్నాను. ఆ మాట వినగానే ఇంకా గట్టిగా ఏడ్చింది.

మా వడ్రంగి తుళ్లూరు వైపు అపార్ట్‌మెంట్ల పనిలో పడ్డాక ఫోనెత్తడం మానేశాడు. ఇక నాకు దిక్కు మస్తాన్ వలి. చిన్నప్పట్నుంచీ నా క్లాస్‌మేటు. నా ఎరువుల కొట్టు పక్కనే వాడి వెల్డింగ్ షాపు. వాడికి ఇనుము తెలుసు, నాకు యూరియా తెలుసు, చెక్క గురించి ఇద్దరికీ ఏమీ తెలీదు. అయితేనేం, ఇద్దరి ఫోన్లలోనూ నెట్ ఉంది.

వీడియోలో ఒకాయన పలచటి ఉక్కు రేకు రెండు చేతుల్తో పట్టుకుని పాతబల్లని గీరుతున్నాడు. పైపొర సన్నటి చుట్టలుగా లేచిపోతోంది, కింద పసుపుపచ్చటి చెక్క బయటపడుతోంది. "ఓస్, ఇంతేనా!" అన్నాడు మస్తాను. పాత రంపం ముక్క కోసి రేకు చేశాడు. దాన్ని ఇద్దరం కూర్చుని కత్తిపీటలా నూరాం. నేను బల్ల మీద పెట్టి ఒక్క లాగు లాగాను. నాగటి చాలు పడ్డట్టు లోతుగా గాడి పడింది!

"ఒరేయ్ శీనూ, వీడియో ఆఖరిదాకా చూశావంట్రా?"

"సగం చూశా. మిగతాది నువ్వు చూశావనుకున్నా."

"నేను నువ్వు చూశావనుకున్నా!"

ఆఖరిదాకా చూస్తే తెలిసింది. దాన్ని కత్తిలా నూరకూడదట. అంచు చదునుగా ఉండేట్టు ఆకురాయితో రుద్ది, సానరాయి మీద నున్నగా చేసి, ఆ తర్వాత స్క్రూడ్రైవర్ కాడతో అంచుని గట్టిగా నొక్కుతూ లాగాలి. అప్పుడు అంచు వెంట్రుకంత పక్కకి వంగుద్ది. చెక్కని గీరేది ఆ వంపే. కుదిరేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. కానీ కుదిరింది! రేకు పెట్టి లాగితే పొర పొరలా లేచింది.

ఇక నాకు పిచ్చి పట్టింది. బల్ల దగ్గరికి వెళ్లే లోపు ఇంట్లో కనపడిన ప్రతి చెక్కనీ గీరి చూశాను. కిటికీ చట్రం గీరాను. గడప ఓ మూల గీరాను. చపాతీ పీట గీరుతుంటే సుజాత వచ్చి లాక్కుంది. "ఇంకాసేపుంటే ఇదే అప్పడమవుద్ది. ఆ బల్ల సంగతి చూడండి ముందు!"

చూశాను. శనివారం కొట్టు కట్టేసి మరీ గీరాను. నడుం పట్టేసింది, బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. కానీ సాయంత్రానికి బల్ల మీద బూడిద రంగన్నది లేదు. మొదట్లో పడ్డ గాడి కూడా దాదాపు పోయింది. సుజాత వచ్చి అరచేత్తో మెల్లగా నిమిరింది. "అచ్చం అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నట్టే ఉందండీ" అని లోపలికెళ్లి అడక్కుండానే పకోడీలు వేసుకొచ్చింది. పెళ్లయ్యాక ఆవిడ నన్నలా మెచ్చుకోలుగా చూడటం నాకు గుర్తులేదు. మహా సంతోషమనిపించింది. అక్కడ ఆపేసుంటే నేను మొనగాణ్ణే. ఆపితే నేనెట్టా అవుతాను?

ఆ వీడియోలో చివర్న అవిసె నూనె రాయమన్నాడు. పెయింట్ షాపులో దొరుకుద్ది, నాకూ తెలుసు. కానీ వంటింట్లో డబ్బాడు పత్తి గింజల నూనె ఉంది. కొట్టుతో పాటు పత్తి కూడా పండించేవాడు ఇంట్లో పత్తి నూనె పెట్టుకుని ఇంకో నూనె కోసం బజారుకి పోవడమా? పౌరుషం అడ్డొచ్చింది.

మస్తాను వత్తాసు పలికాడు. "నూనె ఏదైతే ఏందిరా? మన సెంటర్లో మిరపకాయ బజ్జీలు దేంట్లో వేస్తారు? పత్తి నూనెలోనేగా. బజ్జీ ఎట్టా నిగనిగలాడుద్ది!"

నిజమే కదా అనిపించింది. అనిపించిందంటే చూడండి ఆ పకోడీల ప్రభావం.

వీడియోలో ఆయన పలచగా రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేయమన్నాడు. మనం తుడుస్తామా? ఆవకాయ జాడీలో నూనె పైకి తేలకపోతే ఒప్పుకోని వాళ్లం! గరిటెతో పోశాను. పీల్చుకోగానే ఇంకాస్త పోశాను. పీల్చుకోవడం మానేశాక కూడా పోశాను. బల్ల భలే మెరిసిపోయింది. అవిసె నూనెలా ఈ నూనె ఆరదని మాకెవరు చెప్పారు?

మంచు పడుద్దని బల్లని ఇద్దరం వరండాలోకి మోశాం. ఆదివారం పొద్దున లేచి చూస్తే రాసినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది. వేలు పెడితే జిగురు. పిన్నిగారేమో సాయంత్రం వస్తారు. స్టాండు ఫ్యాను తెచ్చి, ఫుల్‌లో పెట్టి, అన్నం తిని కాసేపు నడుం వాల్చాను.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి. మా నాలుగెకరాల పత్తీ ఆ వరండాలోనే రెండో పక్క గుట్టగా పోసుంది. రేటు పెరుగుద్దని ఆపి, చివరికి విసుగొచ్చి అమ్మేశాం. ఎత్తడానికి సోమవారం వస్తామన్న కొనుగోలుదారు, బండి ఖాళీగా ఉందని ఆదివారం మధ్యాహ్నమే కూలీల్ని పంపాడు. వాళ్లు పెద్ద గోనె బోరాల్లోకి పత్తి పోయడం, లోపలికి దిగి కాళ్లతో తొక్కడం, పింజలు ఎగరడం. నేనేమో లోపల గుర్రు పెడుతున్నా.

లేచి వరండాలోకొచ్చేసరికి పత్తి గుట్ట లేదు. ఈ చివర మాత్రం ఓ గొర్రె నిలబడుంది. పక్కింటివాళ్లది తప్పించుకొచ్చిందేమోనని "హేయ్, హేయ్" అని అదిలించాను కూడా. కదల్లేదు. దగ్గరికెళ్లి చూస్తే మా బల్ల!

"ఏందయ్యా ఇది!" అని అరిచాను.

బోరాలు బండికెత్తుతున్న కూలీ ఒకాయన తాపీగా చెప్పాడు. "దుమ్ము మా మొహాన కొడతందని ఫ్యాను మా ఎనక్కి పెట్టుకున్నాం బాబాయ్. గాలి భలే వచ్చింది."

సుజాత వచ్చింది. చూసింది. నోటి మీద చెయ్యేసుకుంది. చెయ్యి తీసి, "నూనె ఉంది, పత్తి ఉంది. మీ పుణ్యాన ఒక్క అగ్గిపుల్ల గీస్తే వాకిట్లో దీపం పెట్టినట్టే" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. రెండూ అనుకుంటా.

మస్తానుకి ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం పీకడం మొదలెట్టాం. పైపైది ఊడింది, అడుగుది నూనెలో నాని కూర్చుంది. రేకుతో గీరితే అదంతా చుట్టుకుపోయి వత్తులవుతోంది. కాసేపటికి వరండా నిండా వత్తులే! ఈలోగా వీధి మొదట్లో ట్రాక్టరు చప్పుడు. చేతికందిన దుప్పటి తెచ్చి బల్ల మీద కప్పేశాను.

పిన్నిగారు తెల్లటి మంగళగిరి చీర కట్టుకుని దిగారు. "ఏం అల్లుడుగారూ, బాగున్నారా? అబ్బా, ట్రాక్టరు మీద కుదుపులకి నడుం పోయింది!" అంటూ, నేను అయ్యో అనేలోపు, వచ్చి ఆ దుప్పటి మీద చతికిలబడ్డారు.

మస్తాను చేతిలో వత్తులు వెనక్కి దాచాడు.

"మెత్తగా ఉందే!" అన్నారావిడ మొహం వెలిగిపోతూ. "పరుపు కుట్టించారంటే సుజాతా?"

"కాఫీ తెస్తానుండు పిన్నీ" అని మా ఆవిడ లోపలికి పారిపోబోయింది. నేనూ కలుపుతా అంటూ లేచారు పిన్నిగారు. ఆవిడతో పాటు దుప్పటీ లేచింది. ఆవిడ రెండడుగులు వేశారు, దుప్పటి కూడా వేసింది. వెనక్కి తిరిగి చూసుకుంటే చీర వెనకంతా నూనె. దుప్పటి పోయాక బల్ల వరండాలో అందరి ముందూ బట్టబయలైంది. అక్కడక్కడా నున్నగా, అక్కడక్కడా బొచ్చుగా, సగం క్షవరం చేయించుకుని లేచొచ్చినట్టు.

"ఏంటిది అల్లుడుగారూ?"

"టేకండీ" అన్నాను.

"టేకుకి జుట్టేంటి?"

దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. బజ్జీల సంగతి మస్తాను చెప్పాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. కుచ్చిళ్లు పైకి దోపి, "నూనె పెట్టారు సరే. మరి తలంటు ఎవరు పోస్తారు? సుజాతా, కుంకుడుకాయలున్నాయంటే?" అన్నారు.

ఆ తర్వాత బల్లని కిందికి దింపి మా వాకిట్లో జరిపించింది వీధంతా నిలబడి చూసింది. మస్తాను వేణ్ణీళ్లు మోస్తున్నాడు. నేను కుంకుడుకాయలు కొడుతున్నాను. మా ఆవిడ ఒక పక్క, పిన్నిగారు ఒక పక్క నురగ వచ్చేలా బల్లని రుద్దుతున్నారు. ఎదురింటావిడ గోడ మీంచి "సాంబ్రాణి కూడా వేస్తారా అండీ?" అని అడిగింది. నూనె వదిలిన చోటల్లా పిన్నిగారు రేకు తీసుకుని పత్తి గీరేశారు. "రేకు పదును మాత్రం బాగా పెట్టారయ్యా" అన్నారు. చిన్నపిల్లాడిలా పొంగిపోయాను. ఆ రోజు నేను విన్న ఏకైక మంచిమాట అదే మరి.

బల్ల తేలింది. ఆ బంగారు రంగు కాస్త వెలిసినా, మళ్లీ బల్లలా కనపడింది. అప్పుడే ట్రాక్టరు డ్రైవరొచ్చి, "ఎక్కించమంటారా అమ్మా?" అన్నాడు.

సుజాత తడిచేతులతోనే బల్ల కోడు పట్టుకుంది. "పిన్నీ, తప్పు మాదే. ఎండకీ వానకీ వదిలేశాం. కానీ తీసుకుపోకు. ఇది ఇంట్లో ఉంటే అమ్మమ్మ ఉన్నట్టుంటుంది నాకు." రెండు కన్నీటి బొట్లు బల్ల మీద పడ్డాయి.

పిన్నిగారు అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఏడవకే పిచ్చిదానా. మీ అమ్మమ్మే ఉంటే ఈ పాటికి నవ్వలేక చచ్చేది. బల్ల నీ దగ్గరే ఉండనియ్. ఒక్కటే షరతు. మీ ఆయన దీన్ని ముట్టుకోకూడదు."

"కూర్చోవచ్చు కదండీ?" అన్నాను నేను.

"ముట్టుకోకుండా కూర్చోగలిగితే కూర్చోండి."

"న్యాయమేనండీ" అన్నాడు మస్తాను, బల్ల మీద కూర్చుని కాఫీ అందుకుంటూ. ద్రోహి!

అదండీ సంగతి. పిన్నిగారు రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి నేనెక్కడున్నానో చూస్తున్నారు. మీరంతా బల్ల మీద దర్జాగా కాళ్లూపుకుంటూ టీ తాగుతుంటే, ఇంటి యజమానిని నేను ప్లాస్టిక్ స్టూలు మీద ఎందుకు కూర్చున్నానా అని అడగబోయి ఆగుతున్నారు కదా, అందుకని చెప్పాను. జరిగి చోటిస్తారా? వద్దులెండి బాబూ, సుజాత కిటికీలోంచి చూస్తోంది.