మోచేతి వైపు కీ

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక శ్రావణ మాసంలో, ఆబిడ్స్‌లోని ఖరీదైన వాచీల షోరూమ్‌లో నన్ను సర్వీసు కౌంటర్‌కు సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. నాంపల్లి నుంచి నడిచి వచ్చేవాణ్ణి. లక్షల ఖరీదు చేసే వాచీలు విప్పే నా చేతికి మాత్రం వాచీ ఉండేది కాదు. ఆలస్యమైతే ఏదో ఒక సాకు ఉండాలిగా.

ఆ నెలలోనే యాదగిరి సేటు వచ్చారు. ఆయన బేగం బజార్‌లో జీలకర్ర, ధనియాల హోల్‌సేల్ వ్యాపారి. కాబోయే అల్లుడు శ్రీకాంత్ కోసం పలచటి వాచీ ఒకటి కొన్నారు. దానికి అంకెలు లేవు, సెకన్ల ముల్లు లేదు, కంపెనీ పేరు కూడా వెనక మూత మీదే. డయల్ మీద ఒకే తీరున పన్నెండు సన్నని గీతలు, అంతే. డిజైన్ చేసినవాడు తీసెయ్యగలిగినవన్నీ తీసేసి, తీసేసిన వాటికి కూడా ధర కట్టాడు. అల్లుడి మణికట్టు సన్నమంటే చిన్న పట్టా నేనే వేసిచ్చాను.

వారానికే సేటు తిరిగొచ్చారు.

"ఏంది ఉస్తాద్, గిట్లా ఇచ్చిన్రు? ఆరున్నర గంటలు ఫరక్ చూపిస్తున్నది. పాత మాల్ అంటగట్టిన్రని మా వియ్యపురాలు నవ్వుతున్నదట!"

వాచీ టిక్‌టిక్‌ని విని, రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తోందో చెప్పే యంత్రం మీద పెట్టాను. దివ్యంగా ఉంది. జాబ్ కార్డులో "లోపం లేదు. కస్టమర్‌కు వివరించవలెను" అని రాశాను. మళ్లీ తెచ్చారు. ముళ్లు ఊడదీసి తిరిగి బిగించి, అదే వాక్యం రాశాను. మూడోసారీ అంతే. బల్ల మీద సరిగా ఉండే వాచీ, పెళ్లికొడుకు ఇంటికి వెళ్లగానే తప్పుతోంది.

పెళ్లి నాలుగు రోజులుందనగా సేటు కౌంటర్ మీద చెయ్యి వేసి, "పైసలు వాపస్ అడుగుత లేను. వియ్యాలవారి ముంగట పోయిన నా ఇజ్జత్ వాపస్ ఇయ్యున్రి" అన్నారు.

నాకూ రోషం వచ్చింది. రేపు అల్లుణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. గడియారం చూడటం నేర్పి పంపుదామని నా ఉద్దేశం.

మర్నాడు సేటుతో వచ్చిన శ్రీకాంత్ ఎడమ చెయ్యి చాపాడు. వాచీ పక్కన టైము తిప్పే కీ వేళ్ల వైపు ఉండాలి. అతనికి మోచేతి వైపు ఉంది. పట్టాలో బకిల్ ఉన్న పొట్టి ముక్కను పన్నెండు వైపు బిగించాలి. నేను ఆరు వైపు బిగించాను. బకిల్‌ను బట్టి పెట్టుకున్న ఆ అబ్బాయి వాచీని తలకిందులుగా చదువుతున్నాడు. బల్ల మీద నేను కీని బట్టి చూస్తున్నాను.

"కీ అటువైపు ఉందని అనుమానం రాలేదా బాబూ?"

"ఖరీదైన వాటికి గట్లనే ఉంటదేమో అనుకున్న సార్. అడిగితే మామయ్య ఏమనుకుంటడో అని అడగలే."

పట్టా తిప్పి వెయ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. తప్పు నాదేనని చెప్పాను. సేటు పెద్దగా నవ్వారు. "ఔ ఉస్తాద్, మూడుసార్లు మాకే వివరించిన్రు కద! జర గిదే ముచ్చట మా వియ్యపురాలికి ఫోన్ల వివరించున్రి."

వివరించాను. ఆవిడ ఇంకా ఎక్కువ నవ్వారు, ఈసారి నా మీద కాబట్టి సేటుకు ఇబ్బంది లేకపోయింది.

నాలుగో జాబ్ కార్డులో లోపం అన్న చోట "టెక్నీషియన్" అని రాసి సంతకం చేశాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, వాచీని పెట్టుకునేవారి చేతి మీద చూడకుండా "లోపం లేదు" అని రాయలేదు.