రెండు స్టార్ల ఉలవచారు

ఆ రోజుల్లో నా నాలుకకి నెలజీతం ఉండేది. డిగ్రీ అయి ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం విజయవాడ హోటళ్ళకి వెళ్ళి తినడం, తిన్నది ఎలా ఉందో రాయడం, చివర్న స్టార్లు వేయడం. ఇప్పుడంటే ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రతివాళ్ళూ కంచానికి ఫోటో తీసి లోకానికంతా తీర్పు చెబుతున్నారు గానీ, అప్పట్లో ఆ పనికి ఇంకా మనుషుల్ని పెట్టుకునేవారు. మా అమ్మ మాత్రం ఊళ్ళో ఎవరడిగినా "కంప్యూటర్ ఉద్యోగం" అనే చెప్పేది. (అబద్ధం కాదు, ఆఫీసులో కంప్యూటర్ ఉండేది. దాని మీద పచ్చడి మరకలు కూడా ఉండేవి.) "ఆడపిల్ల హోటళ్ళంట తిరిగి తిని, తిన్నదానికి వంకలు పెట్టి జీతం తీసుకుంటదని చెప్పమంటావా? రేపు నిన్ను చేసుకునేవాడు నీకేం వండి పెట్టాలే?" అనేది. ఆ ప్రశ్నకి జవాబు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, మా ఆయన పప్పు బాగా చేస్తాడు.

మా ఆఫీసు పటమటలో ఒక సెల్‌ఫోన్ల షాపు పైన రెండు గదులు. అక్కడి నుంచే హోటళ్ళ కబుర్లు ఫోన్లలోకి వెళ్ళేవి. యజమాని, ఎడిటరు, ఫోటోగ్రాఫరు అన్నీ ఒక్కరే. ఆయనకి నేను చాటుగా పెట్టుకున్న పేరు నాలుగు స్టార్ల సార్, ఎందుకంటే ఆయన చేతిలో ఏ హోటలుకీ నాలుగు స్టార్లకి తక్కువ పడేవి కావు. "చూడమ్మా, మనం ఎవరి పొట్టా కొట్టకూడదు" అని మొదటిరోజే పాఠం చెప్పారు. కూర ఉప్పు కషాయమైతే "ఘాటైన సంప్రదాయ రుచి" అని రాయాలి. అన్నం చల్లారిపోయి వస్తే గోడల మీద బొమ్మల గురించి రాయాలి. గంటసేపు ఎవరూ పలకరించకపోతే "కుటుంబంతో తీరిగ్గా గడపడానికి అనువైన చోటు". నేనూ నాలుగు నెలలు బుద్ధిగా అలాగే రాశాను. నేనుండే లేడీస్ హాస్టల్లో సాంబారులో ముఖం చూసుకుని జడ వేసుకోవచ్చు, కాబట్టి బయట ఏది తిన్నా నాకు నాలుగు స్టార్లే అనిపించేదన్నది వేరే సంగతి. ఒక్క నియమం మాత్రం ఆయనది నాకు భలే నచ్చింది. వెళ్ళింది ఎవరో హోటలువాళ్ళకి తెలియకూడదు, బిల్లు మనమే కట్టి రావాలి. చున్నీ సర్దుకుని హోటల్లోకి అడుగుపెడుతుంటే నన్ను నేను పెద్ద సీఐడీ అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం మా ఆఫీసుకి కాస్త దూరంలో పెద్ద హోటలు ఒకటి తెరిచారు. అసలు పేరెందుకు, ఎడ్లబండి హోటలు అందాం. గుమ్మంలో నిజం ఎడ్లబండికి రంగులేసి, బంతిపూల దండ వేసి నిలబెట్టారు. లోపల గోడలకి చేటలు, జల్లెడలు, కవ్వాలు. వడ్డించేవాళ్ళకి పంచెలు కట్టించారు. పాపం అలవాటు లేక ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో పంచె పట్టుకుని తిరుగుతున్నారు. బల్లబల్లకీ ఒక అట్ట: "మూడు రోజులు కట్టెల పొయ్యి మీద మరిగిన మన ఉలవచారు". నేను లోపలికి వెళ్ళగానే తలుపు దగ్గరాయన నా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరూ లేరు.

"ఫ్యామిలీ పైనండి" అన్నాడు.

"నేనొక్కదాన్నేనండి."

"అదేనండి, లేడీస్ అంటే ఫ్యామిలీయే కదండీ. మెట్లెక్కి వెళ్ళండి."

"మా ఫ్యామిలీకి మోకాళ్ళ నొప్పులండీ, కిందే కూర్చుంటది" అని సరాసరి నడిచి హాలు మధ్యలో ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాను. చుట్టూ ఉన్న మగవాళ్ళందరూ ఒక్క క్షణం ముద్ద ఆపి చూశారు. నేను కూడా వాళ్ళనే చూశాను. ముందు వాళ్ళే చూపు తిప్పుకున్నారు.

ఇక్కడ ఉలవచారు గురించి నా అర్హత ఏమిటో చెప్పాలి. మాది పామర్రు పక్క పల్లెటూరు. మా ఇంట్లో ఉలవలు ఉడికేది ముందుగా గేదె కోసం. నాయనమ్మ పెద్ద గిన్నెలో తెల్లవారి పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి ఉడికేవి. ఉడికిన ఉలవలు గేదెకి, ఆ నీళ్ళు మాకు. ఆ నీళ్ళనే చిక్కగా మరగబెట్టి, చింతపండు పిసికి, పోపు వేస్తే ఉలవచారు. నా చిన్నప్పుడు గేదే నేనూ ఒకే గిన్నెలోది పంచుకున్నామని చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అందుకే ఆ హోటల్లో వేడన్నంలో చారు పోసుకుని, మీగడ వేసుకుని, మొదటి ముద్ద పెట్టుకోగానే నాకు విషయం తెలిసిపోయింది. చింతపండు ఉంది, బెల్లం ఉంది, చిక్కదనానికి ఏదో పిండి ఉంది. నల్లగా, ముద్దుగా ఉంది. ఉలవ వాసన మాత్రం లేదు.

అంతలో యజమాని ఒక్కొక్క బల్లనూ పలకరిస్తూ నా దగ్గరికి వచ్చారు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, నవ్వు ముఖం. "ఎలా ఉందమ్మా?" అన్నారు. "ఊఁ" అన్నాను, నోట్లో ముద్ద ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకుంటూ. ఆయన వెళ్ళిపోతే బాగుండేది. వెళ్ళలేదు. మా కృష్ణాజిల్లాలో మనిషిని వదిలిపెట్టే ముందు అడిగి తీరే ప్రశ్న అడిగారు.

"ఏ ఊరమ్మా మనది?"

నేను చేసిన తప్పు ఇదే. గుంటూరనో, కాకినాడనో అనేస్తే పోయేది. కానీ మనవాళ్ళకి ఊరి పేరు అబద్ధం చెప్పడానికి నోరు రాదు. చెప్పేశాను. "అరె! అక్కడ ఎవరమ్మాయివి?" అదీ చెప్పేశాను. రెండు నిమిషాలు తిరక్కుండా మా నాయనమ్మా, వాళ్ళమ్మా అక్కచెల్లెళ్ళ బిడ్డలని తేలింది. ఆయన నాకు బాబాయి. "కూతురివి అయ్యుండి చెప్పకుండా వచ్చి కూర్చుంటావా!" అని ఇంకో గరిటె చారు, ఇంకో గరిటె మీగడ తానే స్వయంగా వడ్డించారు. బిల్లు తెమ్మంటే చెవులు మూసుకున్నారు. "బాబాయ్, తీసుకోండి, తీసుకోకపోతే నా ఉద్యోగం పోద్ది" అన్నాను. "నా బిడ్డ దగ్గర డబ్బు తీసుకోకపోతే పోయే ఉద్యోగం ఎక్కడుందమ్మా!" అని పకపకా నవ్వి, బందరు లడ్డూల డబ్బా, రెండు చారు పార్సిళ్ళు ఆటోలో పెట్టించి మరీ పంపారు. ఆటో కదలకముందే నేను దిగి, పరుగున వెళ్ళి, కౌంటరు మీద డబ్బు పెట్టి, ఆయన చూసేలోగా పారిపోయి వచ్చాను. తిని డబ్బు కట్టి పారిపోయినదాన్ని విజయవాడలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మంచి మనిషి, ఆప్యాయంగా పెట్టాడు, బాబాయి వరస. కానీ ఊళ్ళో రోజూ పొయ్యి ముందు కూర్చుని కళ్ళు మండించుకున్న నాయనమ్మ పనిని అట్ట మీద రాసి, చింతపండు పులుసు పోస్తే నాకు ఒళ్ళు మండింది. మండిందన్నది చిన్న మాట. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి రాశాను: "గుమ్మంలో బండి ఉంది, ఎద్దులు లేవు. గిన్నెలో చారు ఉంది, ఉలవలు లేవు. ఎద్దులే ఉలవలు తినేసి వెళ్ళిపోయి ఉంటాయి. రెండు స్టార్లు, రెండూ మీగడకే." సార్ ఏదో పెళ్ళికి వెళ్ళారు. ఆయన అక్షింతలు వేసి వచ్చేలోగా అది ఊరంతా తిరిగి, మా హాస్టల్ వార్డెన్ ఫోన్లోకి కూడా వచ్చింది.

సార్ పెళ్ళి భోజనం కూడా చేయకుండా వచ్చేశారట. ఎడ్లబండి హోటలు మాకు ప్రకటనలిచ్చే హోటలు. సార్ భయపడి, బాబాయి అడక్కముందే నా పేరు చెప్పేశారు. "చిన్నపిల్లండీ, తెలియక రాసింది, సాయంత్రానికి తీయించేస్తాను." బాబాయి వెంటనే మా ఇంటికి ఫోన్ చేశారు. అమ్మ నాకు ఫోన్ చేసింది. "పెట్టిన అన్నానికి వంక పెడతామా? ఆయన అన్నాడే, వదినా, మన పిల్లే నన్ను బజారున పెట్టిందని! నాకు తల కొట్టేసినట్టయింది. తీసెయ్."

"ఉలవలు లేవే అమ్మా."

"లేకపోతే లేవు! నీ సొమ్మేం పోయింది?"

సార్ ఇంకా సూటిగా చెప్పారు. సాయంత్రంలోగా తీసేసి నాలుగు స్టార్లు వేయాలి, లేకపోతే మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఉద్యోగం పోతే హాస్టలు పోతుంది, హాస్టలు పోతే మళ్ళీ ఊళ్ళో ఎనిమిది నెలల ఖాళీ. నాకు అన్నీ తెలుసు. అయినా నోరు మాత్రం, "వాళ్ళ వంటింట్లో ఉలవలు చూపిస్తే నేనే తీసేస్తాను సార్, చూపించకపోతే తీయను" అంది. ఆ మాట బాబాయికి చేరింది. "రమ్మనండి! పెద్దమ్మని కూడా తీసుకురమ్మనండి, ఆవిడ కంటే తెలిసినవాళ్ళెవరు?" అన్నారట. పెద్దమ్మంటే మా నాయనమ్మ. బంధువు కదా, ఆవిడ మాట కాదనదని ఆయన ధైర్యం. నిజం చెప్పొద్దూ, నా భయమూ అదే.

సార్ ఒక రోజు గడువిచ్చారు. మర్నాడు నాయనమ్మ బందరు బస్సు దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో మూతున్న పెద్ద రేకు డబ్బా. అదెందుకని అడిగితే "ఉండనీవే" అంది. వంటింట్లో బాబాయి స్వయంగా కుర్చీ వేసి, గిన్నెలో చారు పోసిచ్చారు. సార్, నేను, వంటమేస్త్రీ చుట్టూ నిలబడ్డాం. నాయనమ్మ కళ్ళు మూసుకుని చప్పరించింది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"బాగుంది నాయనా" అంది.

సార్ నా వైపు చూసి ఫోన్ తీశారు. బాబాయి ముఖం వెలిగిపోయింది. అప్పుడు నాయనమ్మ రేకు డబ్బా మూత తీసి, కొంగుతో లోపల తుడిచి, ముందుకు జరిపింది.

"ఇందులో పోయించు అబ్బాయ్."

"చారా పెద్దమ్మా? అయ్యో, ఎంత కావాలంటే అంత!"

"చారు కాదు, ఉడికిన ఉలవలు. ఇంత హోటలు, మూడు రోజులు కాస్తున్నారంట, ఎన్ని ఉలవలు మిగిలిపోతాయో అని బస్సులో మోసుకొచ్చా. మా గేదె ఈనింది. నువ్వు పశువులు కట్టలేదుగా, పారబోయడమెందుకు?"

బాబాయి వంటమేస్త్రీని చూశారు. వంటమేస్త్రీ గ్యాసు పొయ్యిని చూశాడు. "నిన్నటివైనా పర్లేదు, పులిసినా తింటది" అంది నాయనమ్మ, ఇంకా డబ్బా పట్టుకునే. చివరికి బాబాయే కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "రోజూ అన్ని ఉలవలు ఉడకబెట్టి ఏం చేసుకోను పెద్దమ్మా? ఊళ్ళో అయితే గొడ్లున్నాయి. ఇక్కడ కార్పొరేషనోళ్ళు ఊరుకుంటారా?" ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వింటే నాకు జాలేసింది. కానీ రెండు స్టార్లు రెండుగానే ఉంచాలనిపించింది.

(ఆవిడ కావాలని చేసిందో, నిజంగా గేదె కోసమే వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సెక్కిస్తూ అడిగితే, "ఖాళీ డబ్బా మోసుకుపోతున్నా కదే" అని మాత్రం విసుక్కుంది.)

నేను గెలిచానని మీరనుకుంటే పొరపాటు. సార్ ఆ సాయంత్రమే నా రాత తీసేశారు, నన్నూ తీసేశారు. "నిజమేనమ్మా, కానీ ప్రకటన ఆయనది" అన్నారు, కళ్ళలోకి చూడకుండా. నేను మెట్లు దిగి, సెల్‌ఫోన్ల షాపు ముందే నిలబడి, అదే రాతని నా సొంత ఫోన్లోంచి మళ్ళీ పెట్టాను. ఈసారి నా పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు కూడా వేశాను. ఎలాగూ అడుగుతారు కదా. అమ్మ రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. మూడో నెలలో ఒకరోజు బాబాయే ఫోన్ చేశారు. ఉయ్యూరు వైపు నుంచి పాలాయన ఒకడు రోజూ ఆటో వేసుకుని వచ్చి ఉడికిన ఉలవలు పట్టుకెళ్తున్నాడట, ఇప్పుడు వచ్చి తినమన్నారు. వెళ్ళాను, కిందే కూర్చున్నాను, డబ్బు కట్టాను. మూడున్నర స్టార్లు వేశాను. చింతపండు ఇంకా కొంచెం ఎక్కువే.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ రేకు డబ్బాలో మేము బియ్యం పోసుకుంటున్నాం. నేను బుద్ధిమంతురాలినై ఒక ఆఫీసులో నిజంగానే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్నాను. పోయిన నెల మా ఆయనతో ఒక హోటలుకి వెళ్ళాను. చేపల పులుసు ఉప్పు కషాయం. యజమాని వచ్చి "ఎలా ఉందమ్మా?" అంటే, నా నోట్లోంచి "బాగుందండి" అని ఎంత తేలిగ్గా వచ్చేసిందో! చెయ్యి కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. రెండు స్టార్ల కోసం ఉద్యోగం వదులుకున్న ఆ పిల్ల నన్ను చూస్తే ఎన్ని స్టార్లు వేసేదో. తడిచేతులతోనే తిరిగి వచ్చి, "పులుసులో ఉప్పు చాలా ఎక్కువైందండి, నేను ఇందాక అబద్ధం చెప్పాను" అన్నాను. యజమాని ఒక్క క్షణం తెల్లబోయి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఏ ఊరమ్మా మనది?"

"ముందు బిల్లు తీసుకోండి," అన్నాను, "ఊరు తర్వాత చెబుతాను."