టైలరుగారి పొగబండి

ముందు గుర్రుమన్న చప్పుడు, తర్వాత దగ్గు, ఆ తర్వాత తెల్లటి పొగ. ఆ పొగలోంచి చేతిలో రిమోటుతో టైలరు బయటపడ్డాడు.

నైట్రో అనే ఇంధనం పోసి నడిపే ఆ బొమ్మ ట్రక్కు ముసలిదైపోయింది. కొత్త ఇంజను వేయాలా, దాన్ని అటకెక్కించి బ్యాటరీది కొనాలా అని తల పట్టుకున్నాడు.

బావమరిది తన బ్యాటరీ ట్రక్కు తెచ్చిచ్చాడు. అది నీళ్ళలో చేపలా, చడీచప్పుడు లేకుండా సందంతా తిరిగింది.

"పొగ లేదు, గోల లేదు. ఇంకేం కావాలి బావా?"

టైలరు మేడమీది కిటికీ వైపు చూశాడు. భార్య తల బయటికి రాలేదు. "ఆరేసిన బట్టలన్నీ పొగచూరాయి, మీ బండి పాడుగానూ" అని రోజూ వినబడే మాట వినబడలేదు. సందు బోసిపోయింది.

మర్నాడే పాతదానికి కొత్త ఇంజను బిగించాడు. ఎందుకని బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినాయన అడిగితే, సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు:

"బ్యాటరీది బంగారమేనండీ. కాని మా ఆవిడ కిటికీలోంచి నన్ను పలకరించేది దీని పుణ్యానే కదా."